ఇడుపు కల్లు

పొయ్యి కట్టేశాను. ఇక చల్లారాలి. చల్లారడానికి మనిషి చేసేదేమీ లేదు, నిలబడి చూడటమే. కానీ ఈ ఖతార్‌లో ఎండాకాలం ఏదైనా చల్లారుతుందని నమ్మడానికి గుండె ధైర్యం కావాలి. కుళాయి తిప్పితే వచ్చేవి వేడినీళ్లే, మిద్దె మీది ట్యాంకు పొద్దంతా ఎండలో ఉడుకుతూనే ఉంటుంది. గిన్నెను సింకులోకి దించి చుట్టూ ఐసు వేశాను, చూస్తుండగానే అదీ నీళ్లయిపోయింది. జియావుద్దీన్ జుమ్మా నమాజుకు పోయాడు. మా క్యాంపు మెస్సుకు ఆయనే వంటమనిషి, జగిత్యాల దిక్కు వాడు. బిర్యానీ తెల్లవారకముందే దమ్ము మీద పెట్టేసి, స్నానం చేసి, అత్తరు రాసుకుని, వంటగది తాళంచెవి నా చేతిలో పెట్టి, "నాకేం తెల్వది, నేనేం జూడలే. నేనొచ్చేసరికి వాసన ఉండొద్దు" అని ప్రతిసారీ చెప్పే మాటే చెప్పి పోయాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఈ గది నాది. వాసన మాత్రం ఉంది. తడిసిన గడ్డి వాసన, కొంచెం బెల్లం వాసన, దాని కింద వేపాకు చేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, అది వాసనను బయటికి పంపుతుందో, ఉన్నదాన్ని ఇక్కడిక్కడే తిప్పుతుందో నాకు తెలియదు.

ఇది బీరు. ఊళ్లో అయితే బీరంటే సీసా, ఇక్కడ ఇలా దొంగతనంగా కాచుకోవాలి, పట్టుబడితే జైలు, ఆ తర్వాత విమానం. నాకు నేర్పినవాడు ఒక నేపాలీ, మూడో అంతస్తు గదిలో ఉండేవాడు, ఇప్పుడు లేడు, వాళ్ల దేశం పోయాడు. బార్లీ గింజలను బకెట్‌లో నానబెట్టి, తడి గోనెలో మొలకెత్తించి, మిద్దె మీద ఆరేసిన బనీన్ల మధ్య ఎండబెట్టాను. ఎండకు కొదవ లేదు కాబట్టి ఒక్క మధ్యాహ్నానికే గలగలలాడాయి. సీసాతో నలగ్గొట్టి, చెయ్యి పెడితే ఓర్వలేనంత వేడినీళ్లలో పొద్దున నానేశాను, కొత్త లుంగీలో వడగట్టాను, చక్కెర పోసి, రోడ్డు పక్కన చెట్టుది గుప్పెడు వేపాకు వేసి మరిగించాను. చల్లారాక రొట్టెల ఈస్ట్ వేయాలి. అంతే. వారానికల్లా నురగ మీద ఉంటుంది. క్యాంపులో నా చేతి బీరుకు పేరుంది, పండగొస్తే నా మంచం చుట్టూ తిరుగుతారు, "నర్సింగన్నా" అని పిలుపులోనే తేనె కారుస్తారు. ఈసారి ఎవరూ తిరగలేదు. ఇది ఎందుకు కాస్తున్నానో అందరికీ తెలుసు. వచ్చే శుక్రవారం నా పెళ్లి తెగిపోతుంది, ఆ పంచాయితీలో రెండు దిక్కుల వాళ్లూ తాగాల్సింది ఇదే. నా భార్యను విడిచిపెట్టే కల్లు నేనే కాస్తున్నాను. ఈ మాట లోపల ఎన్నోసార్లు అనుకుని చూశాను, ఎక్కడైనా గుచ్చుకుంటుందేమోనని. ఏమీ లేదు. వేడి గిన్నె అంచు తగిలితే చెయ్యి వెనక్కి వస్తుంది, ఈ మాటకు అదీ లేదు.

మా కులంలో మొగుడూ పెళ్లాం విడిపోతే కాగితం తర్వాత, ముందు ఇడుపు కల్లు. మగవాడి దిక్కు నుంచి కుండ రావాలి, ఇద్దరి తరఫు మగవాళ్లూ ఒకే కుండలోంచి పోసుకుని తాగాలి, అడుగు కనిపించేదాకా తాగాలి. తాగితే ఇక మాట లేదు, ఆమెను ఆ తర్వాత ఎవరూ ఒక్క మాట అనకూడదు, ఆమె ఎక్కడుండనీ, ఎవరితో ఉండనీ. అదే ఒక్క గిన్నె మిగిలినా తెగనట్టూ కాదు, తెగినట్టూ కాదు. చిన్నప్పుడు మా వాడలో భూమవ్వ అని ఉండేది. ఆమె ఇడుపు నాటి కల్లు పులిసిపోయి ఉందట, మొగుడి చిన్నాయన ఒక్క గుక్క నోట్లో పోసుకుని థూ అని ఊంచి, గిన్నె కింద పెట్టి లేచిపోయాడట. అంతే. ఆ తర్వాత ఆమె ఇంకొకరిని చేసుకుంటే ఆ ఇంట్లో అన్నం తినడానికి ఎవరూ పోలేదు. ముసలిదయ్యేదాకా ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, గిన్నె మిగిలినామె అనే అనేవాళ్లు. నేనూ అన్నాను, పిల్లల్లో పిల్లవాడిగా. అప్పుడు అది నాకు ఆమె ఇంటిపేరు లాగే అనిపించేది.

మా ఊరి పంచాయితీ దోహాలో ఏమిటంటే, ఊళ్లో చేయడానికి ఊళ్లో మగవాళ్లేరి? మా నాయన అన్న, పెద్దబాపు లస్మయ్య, కులపెద్ద, ఆయన ఇక్కడే పరంజా కట్టేవాళ్లకు ఫోర్‌మన్. నా భార్య స్వర్ణకు తమ్ముడు రత్నాకర్, కంపెనీ బండి నడుపుతాడు, అల్ దోహా అల్ జదీదాలో గది. స్వర్ణ మేనమామ అల్ వక్రాలో. మా చిన్నాయన కొడుకులు అల్ సద్‌లో ఒక బిల్డింగు పని మీద. వాళ్లందరినీ ఊరికి పంపాలంటే ఏ కంపెనీ సెలవిస్తుంది? అందుకని పెద్దబాపు తన గదిలోనే చాప పరుద్దామన్నాడు. సీసా సారా కొందామని ఎవరో అంటే ఒప్పుకోలేదు. "సీసల సరుకు ఎవని గిలాస వానిది. అది తెగుడు గాదు. కల్లు లేకపాయె, కల్లు లెక్క పొంగేది ఉండాలె, ఒక్క కుండల ఉండాలె" అన్నాడు. అందరూ నా దిక్కు చూశారు. నేను తల ఊపాను. కొంచెం ఆగి పెద్దబాపు నన్ను పక్కకు తీసుకుపోయి చెప్పాడు, "ఈస్ట్ ఎయ్యకముందే ఏదన్న ఉంటె జెప్పు కొడకా. ఆపమంటె ఆపుత. అది పొంగుడు సురువైనంక నేను ఎవ్వల్ని ఆపలేను." అంటే ఈ గంటే. ఈ గిన్నె చల్లారేలోపు నేను ఫోన్ చేసి వద్దు పెద్దబాపూ అంటే వద్దు. ఫోన్ జేబులోనే ఉంది. బార్లీ తెచ్చింది రత్నాకరే, గుర్రాల దాణా అమ్మే దుకాణంలో కొని, సంచి నా మంచం కింద పెట్టి, నా మొహం చూడకుండా "బావా, ఇంక ఏమన్న గావాల్నా" అన్నాడు. పాపం వాడు. చిన్నప్పుడు మా పెళ్లిలో నా చెప్పులు దాచినవాడు.

స్వర్ణ అడిగింది ఉగాది దాటాక. అడగటమంటే పెద్దగా ఏమీ కాదు, బీడీలు చేస్తూ చేస్తూనే అడిగింది. ఆమె ఫోన్‌ను బీడీల చాటకు ఆనించి పెట్టుకుని మాట్లాడుతుంది, చేతులు ఆగితే ఆనాటి లెక్క పూర్తి కాదు కదా. అందుకని నాకు కనిపించేది ఇంటి కప్పు, ఫ్యాను, అప్పుడప్పుడు పెదవి కింది గదుమ, ఎప్పుడూ చేతులు. ఆకు కత్తిరించే చేతులు, తంబాకు పోసి చుట్టే చేతులు, దారం చుట్టి బీడీ మెడ మడిచే చేతులు. ఆ చేతులను వెయ్యిమంది చేతుల్లో గుర్తుపడతాను. మొహం మాత్రం, దేవుడి మీద ఒట్టు, కళ్లు మూసుకుంటే రాదు. పెళ్లి ఫోటోలో మొహం వస్తుంది, అది ఫోటో మొహం. ఆమె అంది, "నువ్వు యాదికొస్తలేవు." నేను నెట్‌వర్క్ సరిగ్గా లేదేమో అనుకున్నాను. "మంచిగనే వినస్తుంది. నువ్వు నాకు యాదికొస్తలేవు. నన్ను ఇడిసిపెట్టు." దారం చుట్టింది, మెడ మడిచింది, ఇంకో ఆకు తీసింది. ఎవరన్నా ఉన్నారా అని అడిగాను, అడగాల్సిన మాట కదా అని. "ఉంటె గిట్ల ఎందుకడుగుత? పోయేదాన్ని" అంది. కోపమా అన్నాను. "కోపమొస్తలేదు గదా, గందుకే" అంది. ఆ తర్వాత వాళ్లమ్మ పక్కనుంచి, దుబాయ్‌లో ఏదో పెద్ద ఆట అయితదట గదా బిడ్డా, అని అడిగింది. వాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే. అవుతుంది అత్తా, ఇంకా నాలుగేళ్లకు, అన్నాను.

ఆ ఫుట్‌బాల్ ఆట ఇప్పుడు వేరే దేశంలో నడుస్తోంది, టీవీ గదిలో రాత్రిళ్లు అరుపులు. తర్వాతిది మా దగ్గరే అని మావాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, మా దగ్గర అంటే ఏమిటో మరి. అల్ వక్రా దిక్కు స్టేడియంలో రాడ్డు కట్టే పని నాది. తీగ చుట్టి, కొక్కెంతో మెలి తిప్పి, కత్తిరించి, పక్కదానికి పోవడం. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి చేతులు నావి కావు, వాటంతట అవే చుట్టుకుంటూ పోతాయి, నేను వెనకనుంచి చూస్తుంటాను. ఒక్కోసారి అనుకుంటాను, అక్కడ ఆమె దారం చుడుతుంది, ఇక్కడ నేను తీగ చుడతాను, ఇద్దరం ఇంతకాలం చుట్టినదంతా కలిపితే ఈ స్టేడియానికి ఎన్ని చుట్లు వస్తుందో అని. అనుకుని ఊరుకుంటాను. రెండేళ్లకొకసారి రెండు నెలలు ఇంటికి పోతే, ఆ చేతులే నాకు చాయ్ గిలాస అందిస్తే, కొత్తగా ఉండేది. మొదటి వారం ఆమె కొంగు తల మీదికి లాక్కునేది, నేను బంధువునైనట్టు. అలవాటయ్యేసరికి టికెట్ వచ్చేది. పిల్లలు లేరు. అలా మొత్తం ఎన్ని నెలలు కలిసున్నామో లెక్కపెట్టమంటే పెట్టగలను, పెట్టను.

ఇప్పుడు ఆలోచించాల్సింది ఒక్కటే, వద్దు అనాలా, ఊరుకోవాలా. వద్దు అంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఆమె లేకపోతే నేను బతకలేనా? బతుకుతున్నాను. ఆమె మీద ప్రేమా? ఉంది అనడానికి నాలో వెతికితే, ఎండాకాలం కుళాయిలో చల్లనీళ్లు వెతికినట్టే ఉంది, తిప్పుతూనే ఉన్నాను, అవి రావు. పోనీ పోతే పోనీ అనుకుందామా అంటే ఆ మాటా రావడం లేదు. వద్దనడానికీ సరేననడానికీ నడుమ నిలబడి గిన్నెలోకి చూస్తున్నాను. పైన సన్నగా ఆవిరి లేస్తోంది. ఒక వేపాకు ఈనె అంచుకు అతుక్కుని ఉంది. బయట మైకులో ఇమాం మాట్లాడుతున్నాడు, అరబ్బీ నాకు యల్లా అంటే పద, మాఫీ అంటే లేదు, అంతవరకే వచ్చు, కానీ ఆ గొంతు మాత్రం ఎవరినో నిదానంగా కోప్పడుతున్నట్టు ఉంటుంది, అది నాకు ఇష్టం. వింటున్నాను. వింటూ ఉండగా చూస్తే నా చేతిలో ఈస్ట్ పొట్లం ఖాళీగా ఉంది. గింజలన్నీ గిన్నెలో ఉన్నాయి, ఆవిరి లేస్తున్న నీళ్ల మీద కాసేపు తేలి, తడిసి, మునిగిపోయాయి. చెయ్యి వేసింది. నేను చూశాను. వేలు ముంచి చూస్తే చురుక్కున కాలింది. ఆ వేడిలో ఈస్ట్ బతకదు, ఎప్పుడో చచ్చిపోయింది. చల్లారాక తప్ప వేయకూడదని నేపాలీ నాకు మొదటిరోజే చెప్పాడు, నేను పదిమందికి చెప్పాను. ఇన్నిసార్లు కాచినవాడిని, ఈ తప్పు ఒక్కసారి కూడా చేయనివాడిని.

నిజంగా పొరపాటా? ఏమో. నాకు నేనే చెప్పుకోలేను. కానీ భుజాల మీదినుంచి ఏదో దిగినట్టయింది, అది అబద్ధం కాదు. ఇది పొంగదు. వచ్చే శుక్రవారం మూత తీస్తే చేదు బార్లీ నీళ్లు. నేను వద్దు అనలేదు, సరే అనలేదు, గిన్నే అంది. ఎవరూ తాగరు, తాగకపోతే తెగదు, ఇంకొన్నాళ్లు నా పెళ్లాం నా పెళ్లామే. పెద్దబాపుకు ఫోన్ చేసే పని కూడా లేదు. ఊరికే ఉంటే చాలు, ఊరికే ఉండటం నాకు బాగా వచ్చు. మూత పెట్టబోతుంటే ఫోన్ మోగింది.

స్వర్ణ. వీడియో. ఎత్తితే కప్పు లేదు, ఫ్యాను లేదు, చేతులు లేవు. మొహం ఉంది. ఫోన్‌ను చేత్తో పట్టుకుని సూటిగా నన్ను చూస్తోంది. పాపిట దగ్గర రెండు తెల్లవెంట్రుకలు. ముక్కుపుడక మారింది, అంతకుముందు పువ్వులా ఉండేది, ఇప్పుడు ఒక్క చుక్క. ఎప్పుడు మార్చిందో నాకు తెలియదు. "ఏం జేస్తున్నవ్?" అంది.

"కాస్తున్న."

"తమ్ముడు జెప్పిండు, నువ్వే కాస్తున్నవని. ఒక్కటడుగుత. చేస్తవా?"

"అడుగు."

"అది మంచిగ గావాలె. తాగినోడు మల్లొక గిన్నె అడగాలె. మా మేనమామ సంగతి నీకెర్కే, జెర పులుపున్నా ఊంచుతడు. మీ దిక్కోళ్లకు నా మీద కోపముంటది, సాకు దొరికితె సాలు, గిన్నె పక్కకు పెడ్తరు. ఒక్కటి గూడ మిగలొద్దు. భూమవ్వ లెక్క నేను బతుకలేను."

నేను గిన్నె దిక్కు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. "అయితదా?" అంది.

"అయితది" అన్నాను.

"నువ్వు జేస్తె మంచిగనే అయితది, నాకెర్కే. నువ్వు పనిల మోసం జెయ్యవు" అంది. ఫోన్ పెట్టేసింది.

సిగ్గు. చాలా రోజుల తర్వాత నాకు ఏదైనా తెలిసిందంటే అదే. చెవులు కాలాయి. నేను వద్దంటే కలబడి ఉండేది, సరేనంటే ఏడ్చో ఏడవకో పోయి ఉండేది, నేను రెండూ అనకుండా ఆమె బతుకంతా గిన్నె మిగిలినామెగా ఉండే ఏర్పాటు చేశాను, చేసి భుజాలు తేలికయ్యాయనుకున్నాను. తాగకపోతే తెగదు అని మాత్రమే అనుకున్నాను, తాగకుండా లేచిపోయేవాడి వెనక ఎవరు మిగులుతారో అనుకోలేదు. ఖాళీ పొట్లం చించి చూశాను, మూలల్లో నాలుగు గింజలు, అవి చాలవు. బార్లీతో పాటు రత్నాకర్ తెచ్చిన ఈస్ట్ పొట్లం ఒక్కటే. జుమ్మా అయ్యేదాకా దుకాణాలు మూతే, ఆ తర్వాత తెరిచినా క్యాంపు బస్సు సాయంత్రానికి గాని లేదు, అప్పటికి ఈ నీళ్లు ఈ వేడికి పులిసి కంపు కొడతాయి. ఈస్ట్ ఉన్నది ఒక్కచోటే, జియావుద్దీన్ స్టోరు గదిలో, నాన్ రొట్టెల కోసం. తాళంచెవి ఆయన నడుముకు. ఇన్నేళ్లుగా ఆయన చూడలేదు, నేను చెప్పలేదు. ఆ చాటునే మా స్నేహం నడిచింది. ఆ చాటు తీసేయమని ఒక నమాజీని నేను అడగాలి.

మైకు ఆగిపోయింది. చాలాసేపటికి తలుపు తోసుకుని వచ్చాడు, తెల్లటోపీ అంచు చెమటకు తడిసి ఉంది. "అయ్యిందా నీది? ఎత్తు ఎత్తు, పోరగాళ్లు పళ్లెంలు పట్టుకొని వస్తున్నరు" అన్నాడు, అలవాటుగా గిన్నె దిక్కు చూడకుండా.

"జియా భాయ్, ఈస్ట్ గావాలె."

ఆగాడు. "నర్సింగ్, నేను నిన్ను అడగలే, నువ్వు నాకు జెప్పలే. గట్లనే ఉండనియ్."

"నా దగ్గరున్నది పాడుజేసిన. ఇంకోటి లేదు."

"అయితె తాగుడు బంద్ జెయ్యి ఒక్క వారం. సావరు ఎవ్వలు."

"తాగుడుకు గాదు."

"మరి ఎవలికి?"

మా దిక్కు పెళ్లాన్ని పేరు పెట్టి చెప్పము. మా ఇంటామె అంటాం, ఇంట్లోవాళ్లు అంటాం. ఈ క్యాంపులో ఇన్నేళ్లలో ఆ పేరు నా నోటి నుంచి ఎవరూ వినలేదు. "స్వర్ణకు" అన్నాను. "నా పెండ్లాం. వచ్చే శుక్రవారం ఆమె ఇడుపు. ఇది మంచిగ గాకుంటె ఆమెను బతుకంత అంటరు."

జియావుద్దీన్ నన్ను చూశాడు. తర్వాత, మొదటిసారి, గిన్నెను చూశాడు. నడుము దగ్గర తాళంచెవి తీసి స్టోరు తెరిచి, మైదా సంచీ ఈడ్చి బయట పెట్టాడు, ఈస్ట్ డబ్బా తెచ్చి సాయంత్రం రొట్టెల పిండికి కావలసినంత ఒక గిన్నెలోకి వంచుకున్నాడు. డబ్బా బండ మీద పెట్టాడు. "అడుగుకొచ్చింది. పారెయ్యి" అన్నాడు. సగానికి పైగా ఉంది. పోయి తలుపు బయట నిలబడి, వీపు లోపలికి పెట్టి, వచ్చేవాళ్లను "ఆగుండ్రి, ఇంక గిన్నెలు కడగలే" అని ఆపసాగాడు.

ఈసారి తొందరపడలేదు. ఫ్రీజర్‌లో ఆయన దాచుకున్న మంచినీళ్ల సీసాలన్నీ తీసి సింకులో పేర్చాను. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూశాను, కాలింది, ఆగాను. మళ్లీ చూశాను, ఆగాను. బయట ఆకలి మీదున్నవాళ్లు జియావుద్దీన్‌ను తిడుతున్నారు. నాకు ఏడుపొస్తోంది, తుడుచుకుంటూ కలుపుతున్నాను. ఇల్లు స్లాబు వేయించాను, ఫ్రిజ్ కొన్నాను, గాజులు చేయించాను, ఇవన్నీ నేనే అనుకుని నేనే పంపాను, ఆమె ఒక్కటీ కావాలనలేదు. ఆమె నోరు తెరిచి నన్ను అడిగింది రెండే, విడిచిపెట్టమని, ఇది బాగా చేయమని. నువ్వంటే నాకు ఇష్టమే అని ఇప్పుడు తెలుస్తోంది, తెలిసి లాభం లేదు. చుక్క మణికట్టు మీద పడ్డా పడనట్టే ఉన్నప్పుడు ఈస్ట్ వేశాను, గుండ్రంగా, అంచులదాకా, ఒక్క పలుకు వృథా కాకుండా. కాసేపటికి పైన బియ్యపుగింజంత తెల్లటి నురగ చుక్క లేచింది, దాని పక్కన ఇంకొకటి. పొంగుడు మొదలైంది. మూత పెట్టి, గోనె చుట్టి, వాళ్లను ఇక లోపలికి రానివ్వమని జియావుద్దీన్‌కు చెప్పాను.